బొట్టు పెట్టిన కార్డు రీడరు

మా ఇంట్లో కొత్త వస్తువు ఏదైనా సరే, ముందు బొట్టు పెట్టించుకున్నాకే పనిలోకి దిగాలి. ఫ్రిజ్జుకి ఉంది, గ్రైండరుకి ఉంది, ఇన్వర్టరుకి ఉంది. స్కూటరైతే నిమ్మకాయలు తొక్కాకే వీధిలోకి వెళ్ళింది. ఈ విషయంలో మా ఆవిడ కన్నా నాకే పట్టింపు ఎక్కువ. నేను అమలాపురంలో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్సు చెబుతాను. ఈ రెంటికీ ఎలా పొసగుతుందండీ అని అడిగిన వాళ్ళకి చెప్పడానికి ఇంతవరకూ నా దగ్గర జవాబు లేదు. అడిగిన వాళ్ళని ఫెయిల్ చేసే అధికారమూ లేదు.

ఫోటోలు తియ్యడం నా రెండో జబ్బు. పెద్ద కెమెరా ఉంది, దానికి జతగా ఇంకా పెద్ద కబుర్లు ఉన్నాయి. కెమెరాలోని చిన్న కార్డు తీసి, కార్డు రీడరు అనే పనిముట్టులో దూర్చి, దాన్ని కంప్యూటరుకి తగిలిస్తే ఫోటోలు అందులోకి ఎక్కుతాయి. నా దగ్గర ఒక పాత రీడరు ఉండేది. బస్టాండు దగ్గర ఫోను కవర్లు అమ్మే బండి మీద కొన్నది. దాని మూతి వదులు. కార్డు పెట్టి బొటనవేలితో నొక్కిపట్టుకుంటేనే పలికేది, వేలు తీస్తే ఊరుకునేది. ఒక ఫంక్షను ఫోటోలు ఎక్కించడానికి కూర్చుంటే, ఎడమచేత్తో రీడరు నొక్కుతూ కుడిచేత్తో ఇడ్లీ తిని, కాఫీ తాగి, పేపరంతా చదివేసి, ఇంకా పావు వంతు కూడా ఎక్కలేదేమిటని విసుక్కునేవాణ్ణి.

మొన్న వేసవిలో మా అక్క కూతురి పెళ్ళి జరిగింది, కొత్తపేట దగ్గర వాళ్ళ ఊళ్ళో. కూలికి కుదుర్చుకున్న ఫోటోగ్రాఫర్లు ఉన్నారు. పైన ఎగిరే కెమెరా కూడా తెచ్చుకున్నారు. అయినా నన్నెవరూ పిలవకపోయినా నేనూ దిగాను. వాళ్ళు చాలా మర్యాదస్తులు. "అంకుల్, కొంచెం పక్కకి జరుగుతారా అండీ" అని ఉదయం నుంచీ నన్ను ఎంత మర్యాదగా జరిపారంటే, మండపం దగ్గర మొదలుపెట్టినవాణ్ణి వంటవాళ్ళ గాడిపొయ్యి దగ్గర తేలాను. దాంతో నాకు పౌరుషం వచ్చింది. వాళ్ళు తీసేది రికార్డు, నేను తీసేది కళ అనుకున్నాను. మామిడాకు మీద నీటిబొట్టు తీశాను. అరటి గెల చివర పువ్వు తీశాను. గుమ్మడికాయల గుట్ట మీద పడ్డ ఎండ తీశాను. ముందున్న వస్తువు ఒక్కటే చురుగ్గా కనబడి, వెనక ఉన్నదంతా మంచులా కరిగిపోవాలి. అదీ నా సిద్ధాంతం. వెనక కరిగిపోతున్నది మా చుట్టాలే అన్న సంగతి నాకప్పుడు తట్టలేదు.

మేనమామని కాబట్టి పెళ్ళికూతుర్ని గంపలో కూర్చోబెట్టి మండపానికి తెచ్చే పని నాది. మెడలో కెమెరా తియ్యకుండానే గంపకి చెయ్యి వేశాను. పురోహితులు మంత్రం మధ్యలో ఆగి, "ఆ డబ్బా ఎవరికైనా ఇవ్వండి బాబూ, పిల్ల నెత్తికి తగులుతోంది" అన్నారు. ఎవరికీ ఇవ్వలేదు. ఇస్తే లెన్సు మీద వేలిముద్రలు పడతాయి. పెళ్ళి ఆల్బంలో ఆ ఫోటో ఇప్పటికీ ఉంది. నా మొహం కనబడదు కానీ కెమెరా బెల్టు మీద కంపెనీ పేరు మాత్రం అక్షరం పొల్లుపోకుండా చదువుకోవచ్చు.

ఇక మా అక్క. పెళ్ళికూతురి తల్లి అంటే మా వైపు వడ్డనలకి పెద్ద దిక్కు అని అర్థం. కన్యాదానం అప్పుడు పీటల మీద కూర్చుంది, అది అయిందో లేదో లేచి భోజనాల షెడ్డులోకి వెళ్ళిపోయింది. "పనసపొట్టు కూర వేయించుకున్నారా అండీ? మొహమాట పడకండి, ఇంకాస్త పెరుగు పోస్తారు" అంటూ బంతి బంతికీ తిరుగుతూనే ఉంది. మగపెళ్ళివారి పెదనాన్నగారికి సుగరు, వేళకి తినాలి. ఆయన విస్తరి దగ్గర నిలబడి ఉండగానే మేళాలు గట్టిగా మోగాయి. మూడు ముళ్ళూ పడిపోయాయి. అక్షింతలు గుప్పిట్లోనే పట్టుకుని అక్క పరిగెత్తుకొచ్చేసరికి తలంబ్రాల పళ్ళేలు సర్దుతున్నారు.

తర్వాత ఆల్బం వచ్చింది. గచ్చు మీద పెడితే బల్లలా ఉంది. అందులో అక్క రెండు మూడు చోట్ల ఉంది, ఒకచోట తల దించుకుని, మిగతా చోట్ల ఎవరి భుజం వెనకో. అన్నీ చూసి నాకు ఫోను చేసింది.

"అన్నీ బావున్నాయిరా. కానీ ఆ పొద్దున్న గౌరీపూజకి ముందు వెనకగదిలో దానికి పాలు తాగించేను చూడు, నువ్వొచ్చి తీసేవు. అది కావాలిరా నాకు. అదొక్కటీ ఇస్తే చాలు."

"అదొక్కటేంటక్కా, అన్నీ ఇస్తాను."

"అన్నీ తర్వాత ఇద్దువుగాని. ఆ రోజు దాన్ని నేను తీరిగ్గా చూసుకున్నది ఆ కాసేపేరా."

నాకు బాగా గుర్తుంది. ఉపవాసం కదా, పిల్ల మొహం వాడిపోయి ఉంది. అక్క తలుపు దగ్గరగా వేసి, స్టీలు గ్లాసుతో పాలు తెచ్చి, పట్టుచీర మీద ఒలక్కుండా గడ్డం కింద చెయ్యి పట్టి తాగించింది. కిటికీలోంచి వెలుతురు పడుతోంది. నేను క్లిక్కుమనిపించి, బ్రహ్మాండంగా వచ్చిందని నాకు నేనే చెప్పుకుని, గుమ్మడికాయల దగ్గరికి వెళ్ళిపోయాను. ఇప్పుడా పిల్ల నాగపూర్‌లో కాపురం చేసుకుంటోంది. పొద్దున్నే లేచి అలవాటు కొద్దీ రెండు గ్లాసుల్లో పాలు పోసేస్తున్నానని అక్క ఒకసారి నవ్వుతూ చెప్పింది. నవ్వుతూ చెప్పింది కాబట్టి నేనూ నవ్వాను. అంతటి తెలివి నాది.

ఆ ఫోటో ఆ రోజే ఇచ్చేయొచ్చు. పాత రీడరు ఉంది, బొటనవేలు ఉంది. కెమెరాతో వచ్చిన వైరు కూడా ఉంది. "కెమెరా వెనక తెర మీదైనా చూపించెయ్యండి, పాపం" అంది మా ఆవిడ. అంత ఫోటోని అంత బుల్లి తెర మీద చూపించడం నాకు నామోషీగా తోచింది. పైగా ఈ పెళ్ళితో పాత రీడరుకి స్వస్తి చెప్పాలని, లోకంలో అన్నిటికన్నా వేగమైన రీడరు కొని, దానితోనే శ్రీకారం చుట్టాలని నిర్ణయించేసుకున్నాను. తొందరగా ఎక్కించాలన్న తాపత్రయంతోనే ఆలస్యం మొదలైంది.

వేసవి అయిపోయింది. నేను వీడియోలు చూస్తున్నాను. ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో రీడర్లు వరసగా బల్ల మీద పెట్టి, గడియారాలు పెట్టి పందేలు కట్టించేవారు. చదివే వేగం వేరు, రాసే వేగం వేరు అని తెలుసుకున్నాను. డబ్బా మీద రాసిన వేగం వేరు, ఇంటికొచ్చాక కనబడే వేగం వేరు అని కూడా తెలుసుకున్నాను. యు.హెచ్.ఎస్. ఒకటి అని, రెండు అని రకాలున్నాయి. రెండో రకం రీడరు అయితే మహా వేగం. దానికి తగిన కార్డు వెనక వైపు ఇత్తడి రంగు పలకలు ఒక వరుస కాదు, రెండు వరుసలు ఉంటాయి. ఈ సంగతి నేను స్టాఫ్ రూములో బొమ్మ గీసి మరీ చెప్పాను. తెలుగు మాస్టారు పారిపోతుంటే వరండాలో పట్టుకుని చెప్పాను. లోకానికంతా చెప్పిన నేను, నా కెమెరాలో ఉన్న కార్డుని ఒక్కసారి తిప్పి చూడలేదు.

అక్క ఫోను చేసేది. మా వాళ్ళ అలవాటు తెలిసిందే కదా, అసలు సంగతి ఎప్పుడూ చివరే వస్తుంది. వర్షాల గురించి, కొబ్బరి దింపు గురించి, కందపిలక గురించి అయ్యాక, "ఏరా, ఫోటోలు ఎక్కేయా?" అని, నేను జవాబు చెప్పకముందే, "తొందరేం లేదులే" అని తనే సర్దేసేది. అది మర్యాదో, నిజంగానే తొందర లేకపోవడమో విడదీసి చూడటం నాకు చేతకాలేదు. బావగారు మాత్రం వెనక నుంచి గట్టిగానే అనేవారు.

"మన కోనసీమకి రైలైనా ముందొస్తుందేమో గానీ, మీ తమ్ముడి ఫోటోలు రావోయ్."

చివరికి గడియారస్తంభం దగ్గర ఒక కంప్యూటరు షాపుకి వెళ్ళాను. షాపాయన నాకన్నా చిన్నవాడు, నాకన్నా మర్యాదస్తుడు.

"రెండో రకం రీడరు ఉందా అండీ?"

"ఆయ్, ఉందండి."

"సెకనుకి మూడు వందల ఎంబీలు దాటాలి."

"దాటుద్దండి."

"వేడెక్కకూడదు."

"ఆయ్, ఎక్కదండి."

"ఎక్కదని మీకెలా తెలుసు?"

"తవరు వద్దన్నారు కదండీ."

ఆ జవాబుకి ఇంకొకడైతే వెనక్కి తిరిగేవాడు. నాకు మాత్రం చాలా నమ్మకం కుదిరింది. తెచ్చేశాను. నల్లగా, బరువుగా, చెయ్యి తగిలితే చల్లగా ఉంది. ఇంటికి వెళ్ళేలోపు రోడ్డు మీదనుంచే అక్కకి ఫోను చేశాను.

"శుక్రవారం రా అక్కా. కాఫీ చల్లారేలోపు పెళ్ళంతా చూపించేస్తాను."

వెంటనే విప్పి చూడొచ్చు కదా. ఆ వేళ వర్జ్యం, మర్నాడు అష్టమి. శుక్రవారం దాకా డబ్బా దేవుడి గూట్లో ఉంది.

శుక్రవారం అక్క ఒక సంచీలో అరటిదూట, కందపిలక పట్టుకుని, ఒక్కతే బస్సెక్కి వచ్చింది. మంచి చీర కట్టుకుంది. కళ్ళజోడు అద్దాలు పమిటతో తుడుచుకుని, కంప్యూటరు ఎదురుగా కుర్చీ జరుపుకుని కూర్చుంది. అంత ముస్తాబుగా కూర్చున్న మనిషిని చూసి నాకు ఉత్సాహం పొంగింది. కొంచెం ఆగమని చెప్పి, రీడరుని పీట మీద పెట్టాను.

ఏ వస్తువుకైనా నుదురు ఎక్కడుందో కనిపెట్టడం నా ప్రత్యేకత. ఫ్రిజ్జుకి తలుపు పైన, స్కూటరుకి లైటు పైన. ఈ రీడరుకి ముందు వైపు పొడుగ్గా నోరులాంటి సందు ఉంది, కార్డు దూరేది అందులోనే. నోరు ఉందంటే దాని పైన నుదురు ఉండాలి. ఉంది, కాకపోతే మరీ ఇరుకు. నేను కలిపిన పసుపేమో బాగా తడి.

"పొడి కుంకుమ అద్దండి చాలు. అది కారుతుంది" అంది మా ఆవిడ.

"నాకు తెలుసు" అన్నాను.

నిండుగా పసుపు రాసి, దాని మీద రూపాయి బిళ్ళంత కుంకుమబొట్టు పెట్టాను. కోనసీమలో కొబ్బరికాయకి కరువు లేదు కాబట్టి అదీ కొట్టాను. నీళ్ళు కాస్త చిందాయి, శుభమే అనుకున్నాను. హారతి ఇచ్చాను. అక్క కూర్చున్నచోటు నుంచే కళ్ళకి అద్దుకుంది. కెమెరాలోంచి కార్డు తీసి రీడరు నోట్లో పెడితే కొంచెం బంకగా వెళ్ళింది. కొత్తది కదా, బిగువుగానే ఉంటుందిలే అనుకున్నాను.

కంప్యూటరు తెర మీద ఒక ముక్క వచ్చింది. ఈ కార్డు వాడాలంటే ముందు ఫార్మాట్ చెయ్యాలి, చెయ్యమంటారా అని అడుగుతోంది. అంటే ఉన్నదంతా తుడిచేసి శుభ్రం చెయ్యమంటారా అని. అచ్చం మా ఊరి వాళ్ళలా ఎంతో వినయంగా అడిగింది. పుట్టి బుద్ధెరిగిన దగ్గర్నుంచీ ఎవరు మర్యాదగా ఏది అడిగినా ఆయ్ అనడమే తప్ప కాదనడం ఎరగని ప్రాణం నాది. చెయ్యి దానంతట అదే 'అవును' మీదికి వెళ్ళింది.

"ఏం అడుగుతోందిరా?" అంది అక్క.

ఆ మాట వినబడకపోతే నొక్కేసి ఉండేవాణ్ణి. చెయ్యి వెనక్కి లాక్కుని కార్డు బయటికి తీశాను. దాని మొహం నిండా పసుపు. ఉత్త కార్డు పోతే ఇంకోటి కొనుక్కుంటాను. గుమ్మడికాయలు పోయినా పరవాలేదు, వచ్చే ఏడు మళ్ళీ కాస్తాయి. ఆ వెనకగది, ఆ పాలగ్లాసు, ఆ పొద్దుటి వెలుతురు మళ్ళీ ఎక్కణ్ణించి తెస్తాను? ఎదురుగా మా అక్క చేతులు ఒళ్ళో పెట్టుకుని, నా మీద పూర్తి నమ్మకంతో కూర్చుని ఉంది. నాకు ఏడుపొచ్చినంత పనైంది.

"రావట్లేదేంట్రా?"

"వస్తాయక్కా. ఫస్టు టైం కదా."

లోపలికి వెళ్ళి దూదికి స్పిరిటు అద్ది కార్డు తుడిచాను. పెన్సిలు రబ్బరుతో ఆ ఇత్తడి పలకల మీద మెల్లిగా రుద్దాను. రుద్దుతూ ఉండగా, కార్డు కొని ఇన్నేళ్ళయ్యాక, దాని వెనక వైపు మొదటిసారి చూశాను. ఒకటే వరుస. రెండో వరుస లేదు. అంటే నేను కొన్న మహావేగం ఈ కార్డుకి పనికిరాదు. ఆ లెక్కన మా కంప్యూటరుకున్న సాకెట్టు సంగతేమిటా అని అనుమానం వచ్చి వంగి చూశాను. అదీ పాతకాలందే. కాలవ లాకుల దగ్గర ఎన్ని నీళ్ళు వదిలినా, చేలోకి వచ్చే బోదె పూడిపోయి ఉంటే మడి తడవదని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఫిజిక్సు మాస్టారికి తెలియలేదు.

పసుపు పట్టిన రీడరుని పక్కన పడేసి, పాతదాని కోసం వెతికాను. మా ఆవిడ రబ్బరు బ్యాండ్ల డబ్బాలోంచి తీసి చేతిలో పెట్టింది. కార్డు పెట్టి బొటనవేలితో నొక్కితే వేలు పక్కకి జారుతోంది. కంప్యూటరు పలుకుతుంది, ఆగుతుంది, మళ్ళీ పలుకుతుంది.

"ఇలా ఇయ్యి" అని అక్క రీడరు తన చేతిలోకి తీసుకుంది. పూర్ణాలు ఒత్తే వేలితో అదిమి పట్టుకుంది. "ఇంతేనా? చాలా?"

"ఆయ్, చాలక్కా. వదలకు."

ఫోటోలు కనబడ్డాయి. పోయాయనుకున్నవన్నీ ఉన్నాయి. ముందు వీటిని కంప్యూటరులోకి ఎక్కించుకోవాలి, ఆ తర్వాతే చూడాలి. నేను పాటించే నియమం అదే. ఆ వేళ నాకు నియమాలు చెప్పే మొహం లేదు. కార్డులోంచే ఒక్కొక్కటీ తెరిచాను. పెద్ద ఫోటోలు కదా, మొదట మసకగా వచ్చి, పైనుంచి కిందికి మెల్లిగా తేటపడుతున్నాయి.

"ఇదేంట్రా?"

"మామిడాకు అక్కా."

"ఇదీ?"

"అదీ మామిడాకే. ఇంకో వైపు నుంచి."

"బావుంది" అంది అక్క. ఆవిడ మర్యాద ఆవిడది. ఆ తర్వాత గుమ్మడికాయలు వచ్చాయి, అవీ బావున్నాయంది. కానీ మసగ్గా ఉన్న ఫోటో తేటపడే ఆ కాస్త వ్యవధిలో ఆవిడ కళ్ళు ఆకుల మీద ఉండేవి కావు. మూలల్లో వెతికేవి. "అదుగో, ఆ వెనక ఆవిడ మా తోటికోడలి చెల్లెలు కదూ! వచ్చేరా! నేను పలకరించనేలేదు" అని నొచ్చుకుంది. "ఆ స్తంభం దగ్గర నవ్వుతున్నది మన పిల్లేనా?" అని అడిగింది. నేను కరిగించి పారేసిన పెళ్ళిని ఆవిడ ఆ మంచులోంచే ఏరుకుంటోంది. పక్కన కాఫీ చల్లారిపోయింది. నేను తలొంచుకుని ఒక్కొక్కటీ తెరుస్తూ ఉన్నాను.

అప్పుడు పాలగ్లాసు ఫోటో వచ్చింది. ముందు మసకగా కిటికీ వెలుతురు, ఆ తర్వాత మెల్లిగా మిగతాది. స్టీలు గ్లాసు అంచు మాత్రం అద్భుతంగా వచ్చింది, దాని మీద పాలచుక్క కూడా లెక్కపెట్టుకోవచ్చు. గ్లాసు వెనక పిల్ల మొహం కొంచెం మసక, కళ్ళు మూసుకుని తాగుతోంది. దాని గడ్డం కింద ఒక చెయ్యి, పసుపు పూసుకున్న వేళ్ళు, ఆకుపచ్చ గాజులు. అంతే. మా అక్క లేదు. అందం కోసం నేను ఫ్రేము కుదించినప్పుడు మా అక్కని మోచేతి దగ్గర కోసేశాను.

ఇన్నాళ్ళు ఈవిడ ఎదురుచూసింది దీనికోసమా అనుకున్నాను. తల్లీ కూతుళ్ళు కలిసి ఉన్న ఒకే ఒక్క ఫోటోలో తల్లిని లేకుండా తియ్యడం నావల్లే అవుతుంది. ఏదో ఒకటి అనాలి కాబట్టి అన్నాను.

"నీ మొహం రాలేదక్కా."

అక్క కళ్ళజోడు పైకి తోసుకుని ముందుకి వంగింది. చాలాసేపు చూసింది.

"నా మొహం నాకెందుకురా" అంది చివరికి. "అది అప్పుడు నన్నే చూస్తోందనుకున్నానురా. కళ్ళు మూసుకుని, చంటిపిల్లలా తాగింది. అలా తాగడం నేను చూడనేలేదు. చీర మీద ఒలుకుతుందేమోనని గ్లాసు వంకే చూస్తున్నాను."

ఆవిణ్ణి ఎక్కువసేపు అలా ఉంచకూడదని, తర్వాత ఫోటో తెరుద్దామని నొక్కాను. రాలేదు. మళ్ళీ నొక్కాను. తెర మీద పాలగ్లాసే ఉంది. కంప్యూటరు ఆగిపోయిందేమోనని కంగారుగా రీడరు వైపు చూశాను. అక్క దాని మీద నుంచి బొటనవేలు తీసేసింది.

"వేలు తీసేసేవేంటక్కా? నొక్కిపట్టుకో, మిగతావి రావు."

"తెలుసు" అంది. "తొందరేం లేదులే. కాసేపు ఉండనీరా."